ఏనుగు మల్లమ్మ కొండ

కొండ మీద రెండు చెరువులున్నాయి. ఒకటి గంగోత్రి, ఇంకోటి మానస సరోవరం. మంచు కరిగి వచ్చే నీళ్లు కావవి, పడిన వానే వాటికి ఆధారం. వాన మొహం చాటేసిన ఏడు గట్టు మీద నిలబడితే అడుగున పగుళ్లిచ్చిన బురద కనిపిస్తుంది. ఇక్కడి నుంచి హిమాలయాలకు వెయ్యి మైళ్ల పైమాటే. ఆ పేర్లు ఎవరు పెట్టారో గానీ, పెట్టేటప్పుడు వాళ్ల మనసు ఎక్కడుందో తెలిసిపోతూనే ఉంది. కొండ ఎక్కినవాడికి ఇంకా పెద్ద కొండ గుర్తుకు రావడం సహజం.

నాకూ వచ్చింది. రెండేళ్ల కిందట కుటుంబంతో డార్జిలింగ్ పోయాను. తెల్లవారుజామున నాలుగు గంటలకు జీపెక్కి టైగర్ హిల్ మీద వణుకుతూ నిలబడితే, 8,586 మీటర్ల కాంచన్‌జంగ శిఖరం మీద మొదట గులాబీ రంగు, తరవాత బంగారు రంగు పడింది. అది చూసి మాట పడిపోయింది. కానీ ఆ ప్రయాణంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం మా జీపు నడిపిన కుర్రాడు. దారిలో కనపడిన ప్రతి గుట్టకీ, ప్రతి పల్లెకీ పేరు చెప్పాడు. ఆ పేరుకి అర్థం చెప్పాడు, దాని వెనక ఉన్న కథ చెప్పాడు. డార్జిలింగ్‌ని ఇంగ్లీషువాళ్లు 1835లో సిక్కిం రాజు దగ్గర తీసుకున్నారు. బంగళాలు కట్టారు, తేయాకు నాటారు, 1881లో బొమ్మరైలు వేశారు. ఊరంతా వాళ్ల చేతిదే. అయినా పేరు మార్చలేదు. కాలింపాంగ్ అలాగే ఉంది, గ్యాంగ్‌టాక్ అలాగే ఉంది. ఆ కుర్రాడు తిరిగి నన్నడిగాడు: ‘మీ ఊరి దగ్గర హిల్ స్టేషన్ లేదా సార్?’ ఉంది అన్నాను. హార్స్‌లీ హిల్స్ అని పేరు చెప్పాను. ‘అది మీ పేరు కాదు కదా’ అన్నాడు.

అప్పటి నుంచి ఆ మాట నన్ను వదల్లేదు. మా మదనపల్లెకు 30 కిలోమీటర్ల లోపే ఉన్న కొండను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు ఎక్కానో లెక్క లేదు. ఈసారి పేరు వెతుక్కుంటూ ఎక్కాను.

ఆంధ్రా ఊటీ అంటారు దీన్ని. ఆ పోలిక నాకు నచ్చదు. ఊటీలో తేయాకు, చలి, తడి. ఇక్కడ బండరాళ్లు, ముళ్లచెట్లు, పొడిగాలి. అంగళ్లు దాటి ఘాట్ రోడ్డు మొదలయ్యేసరికి రెండు పక్కలా ఏనుగులంత బండలు ఒకదాని మీద ఒకటి కూచోబెట్టినట్టుంటాయి. ఒక చెయ్యి తోస్తే దొర్లిపోతాయేమో అనిపిస్తుంది గానీ, అవి కోట్ల ఏళ్లుగా అలాగే ఉన్నాయి. కింద సీతాఫలం చెట్లు, తుమ్మ, కుంకుడు. పైకి పోయేకొద్దీ వెదురు, గంధం, సిల్వర్ ఓక్. నాలుగైదు మలుపులు తిరిగాక కారు అద్దం దించితే చాలు, జామాయిల్ ఆకు వాసన గుప్పున కొడుతుంది. అంటే కొండెక్కేశామన్నమాట. సముద్రమట్టానికి 4 వేల అడుగుల పైనున్నాం. మదనపల్లె కూడా రెండు వేల అడుగుల పైచిలుకు ఎత్తులోనే ఉంటుంది కాబట్టి చలి ఒక్కసారిగా మీద పడదు. మెల్లగా చేతుల మీది వెంట్రుకలు లేస్తాయి.

డబ్ల్యూ.డి. హార్స్‌లీ కడప జిల్లా కలెక్టరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. కడప ఎండ ఎలాంటిదో కడపలో ఒక్క మే నెల గడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఈ చల్లటి కొండ చూసిన కలెక్టరు 1870 ప్రాంతంలో పైన ఇల్లు కట్టుకున్నాడు. ఆయన వెనకే మిగతా అధికారులు వచ్చారు. ఫారెస్ట్ బంగళా, గవర్నర్ బంగళా, దారులు, తోటలు. అలా కొండకు ఆయన పేరే స్థిరపడింది. ఆయన మీద నాకు కోపం లేదు. ఎండకు తాళలేని మనిషి నీడ వెతుక్కున్నాడు. ఆ కాలంలో నాటిన ఒక జామాయిల్ చెట్టు 150 ఏళ్లు దాటి బతికి, కల్యాణి అని తెలుగు పేరు పెట్టించుకుని, మహావృక్ష పురస్కారం కూడా పొందింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చెట్టుకే మన పేరు దొరికినప్పుడు, మన కొండకు మన పేరు ఎందుకు దూరం కావాలి అన్నదే నా బాధ.

ఆ పేరు ఏనుగు మల్లమ్మ కొండ.

కథ చిన్నది. మల్లమ్మ అనే ఆమె ఈ కొండ మీద ఒంటరిగా ఉండేది. అడవి ఏనుగులు ఆమెకు తిండి తెచ్చిపెట్టేవి. కొండవాళ్లకు జబ్బు చేస్తే ఆమె దగ్గరికి పోయేవాళ్లు. ఒకరోజు ఆమె కనపడకుండా పోయింది. ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలీదు. గుడి కట్టి పూజలు మొదలుపెట్టారు. కొందరు ఆమెను ముసలావిడ అంటారు, కొందరు ఏనుగులు పెంచిన పసిపిల్ల అంటారు. రెండు రకాలుగానూ చిన్నప్పుడు విన్నాను. ఏనుగులు మాత్రం రెండిట్లోనూ ఉన్నాయి.

గుడి దగ్గర సెనక్కాయలు అమ్ముకునే అవ్వ ఒకామె ఉంది. ఉడకబెట్టిన సెనక్కాయలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. ‘అవ్వా, హార్స్‌లీ అంటే ఎవరు?’ అని అడిగాను.

‘ఎవురో దొరంట నాయనా. ఆ పేరు బస్సు మీద ఉండాది. మాకు మల్లమ్మ కొండే.’

‘మల్లమ్మ ఎక్కడికి పోయింది?’

‘యాడికి పోతాది? ఈడనే ఉండాది. మీరు సాయంత్రం కాంగానే దిగేస్తిరి, యెట్ల కనపడతాది?’

ఆ మాట విని అదే రోజు దిగిపోదామనుకున్నవాణ్ణి ఆగిపోయాను. పర్యాటక శాఖ వసతిగృహంలో గది దొరికింది.

చీకటి పడేసరికి కార్లన్నీ దిగిపోయాయి. సెల్ఫీలు, పాటలు, పిల్లల కేకలు ఆగిపోయాయి. ఎనిమిది గంటలకు రాగిసంగటి, ఊరుబిండి, నాటుకోడి పులుసు తిని బయటికి వస్తే, చెట్ల మీద గాలి తప్ప వేరే శబ్దం లేదు. కింద పల్లెల దీపాలు చెల్లాచెదురుగా మినుకుమంటున్నాయి. ఒక్కో పల్లెలో మిరప చేలు, టమాటా మడులు, బోరుబావులు. మదనపల్లె టమాటా మార్కెట్ ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. 2023 జులైలో కిలో 200 రూపాయల దాకా పోయిన టమాటా ఇంకో నెల గడిస్తే రోడ్డు పక్కన పారబోసే ధరకు పడిపోగలదు. ఆ దీపాల కింద నిద్రపట్టని రైతులు ఎందరో ఉంటారు. పైనుంచి చూస్తే అంతా అందంగానే ఉంటుంది.

తెల్లవారి ఐదున్నరకు గాలిబండ మీదికి పోయాను. పేరుకు తగ్గ చోటు. బండ మెల్లగా వాలుతూ పోయి ఉన్నట్టుండి లోయలోకి తెగిపోతుంది. గాలికి కండువా మెడ మీద నిలవలేదు, రెండు చేతులా పట్టుకోవాల్సి వచ్చింది. నోరు తెరిస్తే మాట వెనక్కి తోసేస్తుంది. పొద్దు పొడవకముందు లోయలో పల్చటి పొగమంచు, దాని పైన తేలుతున్న గుట్టల తలలు. కాంచన్‌జంగ కాదు. మంచు లేదు, బంగారు రంగు లేదు. బూడిదరంగు, ఆకుపచ్చ, ఎర్రమట్టి. కానీ ఆ గుట్టల్లో సగానికి పేర్లు నాకు తెలుసు. ఆ తేడా పెద్దది.

అక్కడే బండల సందులోంచి ఒక పిట్ట పలికింది. పికిలి పిట్ట కూతే గానీ గొంతు కొంచెం వేరు. కొండ పికిలి. బూడిదరంగు ఒళ్లు, పసుపు రాసినట్టున్న గొంతు. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదు. దీన్ని చూడటానికే కెమెరాలు, దుర్భిణీలు మోసుకుని బెంగళూరు నుంచి వచ్చేవాళ్లున్నారు. రాళ్లు, పొదలు, పండ్లు, మనిషి అలికిడి లేని పొద్దుటి పూట, దానికి కావలసింది ఇంతే. బండల్ని పగలగొట్టి గ్రానైట్‌గా అమ్ముకునే ఈ సీమలో అలాంటి చోట్లు తగ్గిపోతున్నాయి. ఆ పిట్టకు అంతకంటే పెద్ద ఆపద లేదు.

దిగేటప్పుడు దారి మళ్లించి రిషి వ్యాలీ వైపు పోయాను. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి 1920ల్లో బడి పెట్టడానికి చోటు వెతుకుతూ వచ్చి, తెట్టు ఊరి పక్కన ఒక పెద్ద మర్రిచెట్టు ఉన్న లోయను ఎంచుకున్నాడు. అప్పటికది ఎండిన నేల. బడివాళ్లు మొక్కలు నాటి, వాన నీటిని ఆపి, మేకల్ని రానీకుండా కాపాడుకుని, పదుల ఏళ్ల మీద దాన్ని పచ్చగా చేశారు. పిట్టలు వాటంతటవే వచ్చాయి. ఇది మంత్రం కాదు, ఓపిక. మన కొండలన్నీ ఒకప్పుడు ఇలాగే ఉండేవని, మళ్లీ ఇలా కాగలవని నమ్మకం కుదరాలంటే ఆ లోయను ఒక్కసారి చూడాలి.

ఈ గాలికున్న గుణాన్ని దొరలొక్కరే కనిపెట్టలేదు. క్షయకు మందే లేని రోజుల్లో మంచిగాలి, మంచి తిండి, విశ్రాంతి, ఈ మూడే వైద్యం. అందుకే మదనపల్లె పక్కన ఆరోగ్యవరం వెలిసింది. క్రైస్తవ మిషన్లు కలిసి పెట్టిన ఆ శానిటోరియం 1915లో తలుపులు తెరిచింది. డెన్మార్క్ డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దాన్ని నడిపాడు. దేశంలో బీసీజీ టీకా మొదటగా వేసిన చోట్లలో ఇదొకటి, 1948లో. డార్జిలింగ్‌ని కూడా ఇంగ్లీషువాళ్లు మొదట జబ్బుపడ్డ సిపాయిలు కోలుకోవడానికే కోరుకున్నారు. అక్కడ అది పోనుపోను విహారస్థలమైంది, ఇక్కడ ఆరోగ్యవరం ఆస్పత్రిగానే మిగిలింది. నాకైతే ఆరోగ్యవరమే గొప్పగా అనిపిస్తుంది.

రవీంద్రనాథ్ టాగూరు 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చి కొన్నాళ్లున్నాడు. జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడే, మార్గరెట్ కజిన్స్ స్వరం రాసుకుందీ ఇక్కడే. ఇది మా ఊళ్లో చిన్నపిల్లలకూ తెలుసు. అదే టాగూరు చివరి రోజుల్లో డార్జిలింగ్ కొండల్లోని ముంగ్‌పూ అనే పల్లెలో ఉండటానికి ఇష్టపడ్డాడు. కవికి ఏ గాలి నచ్చుతుందో ఆ గాలి ఉన్న చోట్ల మధ్య చుట్టరికం ఉంటుందని నేను అనుకుంటాను.

మదనపల్లె నుంచి పుంగనూరు అరగంట దారి. పుంగనూరు అనగానే అందరికీ ఆవు గుర్తొస్తుంది. మూడడుగులకు అటూ ఇటూ ఎత్తుండే ఆవు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో ఈ ఆవులకు గ్రాసం తినిపించిన ఫొటోలు వచ్చాక ధర ఆకాశానికి పోయింది. పెద్ద ఊళ్లలో ముద్దుకోసం పెంచుకునేవాళ్లు ఎక్కువయ్యారు. కానీ అది బొమ్మ కాదు. ఈ గుట్టల మీది ఎండుగడ్డి తిని, తక్కువ నీళ్లు తాగి, పాలివ్వడానికి పుట్టిన పొట్టి జాతి. డార్జిలింగ్, సిక్కిం కొండల్లో సిరి అనే ఆవుజాతి ఉంది, చలికి తగ్గ బొచ్చుతో, కొండెక్కడానికి తగ్గ కాళ్లతో. అక్కడ కొండ దాన్ని అలా చేసింది, ఇక్కడ కరువు దీన్ని ఇలా చేసింది. పుంగనూరు ఆవు అంతరించిపోకుండా పలమనేరు పశు పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా మందను కాపాడుకుంటూ వచ్చింది. ఆ పని ఎవరికీ కనపడకుండా జరిగింది కాబట్టే ఈ రోజు ఫొటోలు దిగడానికి ఆవులు మిగిలాయి.

పుంగనూరు దగ్గర్లోనే చౌడేపల్లె మండలంలో బోయకొండ. బోయల్ని నవాబు సైన్యం తరిమినప్పుడు గంగమ్మ కత్తి పట్టి నిలబడి కాపాడిందని కథ. ఆదివారం పోతే అడుగు పెట్టడానికి చోటుండదు. అమ్మవారి తల మీద పువ్వులు పెట్టి, కోరిక చెప్పుకుని, పువ్వు కుడిపక్క పడుతుందా ఎడమపక్క పడుతుందా అని ఊపిరి బిగబట్టి చూస్తారు. నేను నిలబడిన పది నిమిషాల్లో ఒకామె పువ్వు పడలేదు. ఆమె కదల్లేదు. వెనకాల వరసలో ఉన్నవాళ్లు కూడా తొందరపెట్టలేదు. చివరికి ఒక రేకు జారి కుడివైపు పడింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కింద పుష్కరిణి నీళ్లను సీసాల్లో పట్టుకుపోయి పైరుకు చల్లుతారు, చీడ పట్టదని. కొండకూ, చేనుకూ మధ్య ఉన్న ఆ సీసాడు నీళ్ల బంధం నాకు ఏ వ్యూ పాయింట్ కంటే ఎక్కువ.

మీరు గమనించారో లేదో, ఈ ప్రాంతంలో కొండల చుట్టూ ఒకే పేరు తిరుగుతుంటుంది. తంబళ్లపల్లె దగ్గర మల్లయ్యకొండ. కుప్పం దగ్గర మల్లప్పకొండ. మధ్యలో మల్లమ్మ కొండ. శివరాత్రికి మల్లయ్యకొండ, మల్లప్పకొండ జనంతో నిండిపోతాయి. కొండంటే మనవాళ్లకు మల్లన్నే. విహారానికి ఎక్కడం అన్నది తరవాత వచ్చిన మాట, మొక్కుకు ఎక్కడమే మొదటిది.

కుప్పం పోయేసరికి కొండల తీరు మారుతుంది. మూడు రాష్ట్రాల కూడలి. బజారులో ఒకే మనిషి తెలుగులో బేరం మొదలుపెట్టి, తమిళంలో తిట్టి, కన్నడంలో చిల్లర అడుగుతాడు. పొద్దున్నే బెంగళూరు రైలు నిండా కూలికీ, ఉద్యోగానికీ పోయేవాళ్లు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ పెట్టడం సరైన పనే అనిపిస్తుంది. కానీ నేను కుప్పం పోయింది ఏనుగుల కోసం.

ఈ అడవుల్లో దాదాపు 200 ఏళ్లు ఏనుగులు లేవు. 1980ల్లో హోసూరు, బన్నేరుఘట్ట వైపు నుంచి మందలు కదిలి ఇటు వచ్చాయి. అక్కడ అడవి తరిగింది, దారులు తెగాయి. వచ్చినవి ఉండిపోయాయి. 1990లో పలమనేరు, కుప్పం అడవుల్లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏనుగుల కోసం పెట్టిన అభయారణ్యం ఇది. అడవి అంటే దట్టమైన కీకారణ్యం అనుకోవద్దు. పొదలు, లోయలు, వానాకాలంలో దూకే కైగల్ జలపాతం, చుట్టూ రాగిచేలు, మామిడితోపులు. ఏనుగుకు రోజుకు నూరు కిలోలకు పైగా మేత కావాలి. అడవిలో దొరకనిది చేలో దొరుకుతుంది.

అడవి అంచున ఉన్న ఒక పల్లెలో రాగిచేను గట్టున మంచె మీద రాత్రి కాపలా ఉన్న పెద్దాయనతో రెండు గంటలు కూచున్నాను. ఆయన దగ్గర ఒక టార్చిలైటు, ఒక రేకు డబ్బా, కొన్ని టపాసులు. పక్కన కంబళి. కింద కుక్క.

‘మొన్న మూడొచ్చినాయి. ఒకటి పిల్ల’ అన్నాడు. ‘తినిందానికి బాధ లేదు నాయనా, తొక్కిందానికే. తినేది మూరెడు, తొక్కేది మడి మడంతా.’

‘భయం వెయ్యదా?’

‘ఎందుకెయ్యదు? పొద్దన్నే లేచి పాదం గుర్తు చూస్తే గుండె గుభేల్మంటాది. అయినా దాన్ని తిట్టాలంటే నోరు రాదు. మావోళ్లంతా దండం పెట్టుకుంటారు.’

ఆయన చూపించిన పాదం గుర్తు మడిగట్టు మీద ఆరిపోయి ఉంది. నా రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినా నిండలేదు. వేళ్ల గోళ్ల ముద్రలు కూడా స్పష్టంగా ఉన్నాయి. ఆ గుంటలో రెండు రాగి కంకులు నలిగి ఉన్నాయి.

ఈ పోరులో రెండు వైపులా చావులున్నాయి. చేలో కాపలాకు పోయి తిరిగిరాని రైతులున్నారు. కరెంటు తీగలకు తగిలి పడిపోయిన ఏనుగులున్నాయి. కందకాలు తవ్వారు, సౌరవిద్యుత్ కంచెలు వేశారు, అవి కొన్నాళ్లు పనిచేశాయి, ఏనుగులు వాటినీ దాటడం నేర్చుకున్నాయి. 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగుల్ని ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చింది. వాటిని పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరంలో ఉంచారు. అడవి ఏనుగును తరమడానికి ఏనుగునే తేవడం మంచి ప్రయత్నమే. కానీ మేత, నీళ్లు అడవిలో దొరికితే తప్ప ఏ కుంకీ అయినా ఎన్ని రాత్రులు కాపలా కాయగలదు? అడవిలో కుంటలు తవ్వాలి, వెదురు, మర్రి, రావి పెంచాలి, పంట నష్టం డబ్బు రైతుకు అదే పంటకాలంలో అందాలి. ఇవి చెయ్యలేని పనులు కావు. రిషి వ్యాలీ లోయను పచ్చగా చేసింది ఇలాంటి పనులే.

మంచె మీద కూచుని చీకట్లోకి చూస్తుంటే సెనక్కాయల అవ్వ మాట గుర్తొచ్చింది. సాయంత్రం కాంగానే దిగేస్తే మల్లమ్మ ఎలా కనపడుతుంది? మల్లమ్మకు ఏనుగులు అన్నం పెట్టాయి. ఇప్పుడు ఏనుగులే ఆకలితో మన చేలలోకి దిగుతున్నాయి. కథ తిరగబడింది. అన్నం పెట్టాల్సిన వంతు మనది.

హిమాలయాలకు పొండి, తప్పకుండా పొండి. పుట్టినందుకు ఒక్కసారైనా కాంచన్‌జంగను చూడాల్సిందే. కానీ దానికి ముందో వెనకో ఈ కొండకు కూడా రండి. పొద్దున వచ్చి సాయంత్రం దిగిపోకండి, ఒక్క రాత్రి ఉండండి. తెచ్చిన ప్లాస్టిక్ కవర్లు, నీళ్ల సీసాలు తిరిగి కిందికి తీసుకుపొండి. గాలిబండ మీద పాటలు పెట్టకండి, పికిలి పిట్ట కూత వినపడదు. పర్యాటక శాఖవారికి నా విన్నపం ఒక్కటే. దొర పేరు తీసెయ్యమని అడగను, అదీ చరిత్రే. ఘాట్ రోడ్డు మొదట్లో, కొండ మీద, బస్సుల మీద, మీరు పెట్టే ప్రతి బోర్డు మీదా దాని పైన ఇంకో పేరు పెద్దక్షరాలతో రాయించండి: ఏనుగు మల్లమ్మ కొండ.